నలుగురి ముందు తల్లి

చలంగారి పేరు చెప్తే మన ఇళ్ళల్లో అందరికీ ముందుగా గుర్తొచ్చేది ‘మైదానం’. ఆ పుస్తకాన్ని చీరల మడతల కింద దాచుకుని చదివిన ఆడవాళ్ళు ఎంతమందో! అదే చలంగారు పిల్లల పెంపకం మీద ‘బిడ్డల శిక్షణ’ అని ఒక పుస్తకం రాశారని చెప్తే మాత్రం కొంచెం అనుమానంగా చూస్తారు. నన్నడిగితే దాచి చదవవలసింది ఈ రెండోదే. ‘మైదానం’ ఎవరో రాజేశ్వరి కథ. మెచ్చుకునో, ముక్కు విరిచో పక్కన పెట్టెయ్యవచ్చు. ఇది మన చేతి కథ. సాయంత్రం ఒక పక్క కుక్కరు కూస్తూ, ఇంకో పక్క ఎక్కాల పుస్తకం ముందు పిల్లవాడు నీళ్ళు నములుతూ ఉన్నప్పుడు, ఆ చెయ్యి ఎందుకు లేస్తుందో అడిగే పుస్తకం.

పేరులోనే ఒక చమత్కారం ఉంది. మన భాషలో ‘శిక్ష’కీ ‘శిక్షణ’కీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. మన ఇళ్ళల్లో ఆ ఒక్క అక్షరం కూడా మిగల్లేదని చలంగారి ఫిర్యాదు. ఆయన విద్యాశాఖలో ఉద్యోగం చేసి, ఎన్నో బడులు తనిఖీ చేసిన మనిషి. బెత్తం కింద చదువు ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూశారు. మేడమ్ మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, పిల్లవాణ్ణి ఒక పూర్తి మనిషిగా చూడమని మన దేశపు టీచర్లకు పాఠాలు చెప్పింది. అలాంటి మాటనే మన తెలుగులో, మన వంటింటి గడప మీద నిలబడి చెప్పినవారు చలంగారు.

ఆయన వాదం చాలా సూటి. బిడ్డ మన సొత్తు కాడు. మనకు కోపం వచ్చి కొడతాం, వాడి మంచికే కొట్టామని పేరు పెడతాం. భయంతో వంగిన పిల్లవాడు అబద్ధం నేర్చుకుంటాడు. బూచాణ్ణి చూపించి అన్నం తినిపిస్తే కడుపులోకి అన్నంతోపాటు భయమూ పోతుంది. అడిగిన ప్రశ్నకి నిజం చెప్పాలి, వాడి మాట చెవిన పెట్టాలి. ఇవి ఈనాడు ఏ పిల్లల డాక్టరుగారైనా చెప్పే మాటలే. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం బళ్ళో పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొచ్చేలా అవమానించడాన్ని నిషేధించింది. అంటే చలంగారి మాటలో సగం చట్టమైంది. మిగిలిన సగం మన ఇంటి తలుపు దగ్గర ఆగిపోయింది.

ఇంతవరకూ ఆయనకి చెయ్యెత్తి నమస్కారం. ఇక ఈ పుస్తకాన్ని పట్టుకుని నిజామాబాదు రండి.

మా జిల్లాలో వాడవాడలా బీడీలు చుట్టే తల్లులున్నారు. ఒళ్ళో చాట, చాటలో జర్దా, పక్కన తడిపిన తునికాకు, చేతిలో కత్తెర. కూలి వెయ్యి బీడీల లెక్కన. వంకరగా ఉన్నవి కార్ఖానాలో పక్కకి తీసేస్తారు కాబట్టి, లెక్క తగ్గకుండా ఇంకొన్ని చుట్టాలి. ఆ తల్లి పక్కన నాలుగేళ్ళవాడు కూర్చుని, “అమ్మా, చందమామ మన యెంబడే ఎందుకొస్తడే?” అని అడుగుతాడు. నిజం చెప్పమంటారు చలంగారు. చెప్పాలనే ఉంటుంది ఆమెకీ. కాని లెక్క ఏడువందల దగ్గరుంది, పొద్దు గూట్లో పడుతోంది. “ఊకో బిడ్డా, సతాయించకు” అంటుంది. ఆ విసురుకి కారణం పెత్తనమా, చాటలో మిగిలిన తునికాకా? పిల్లవాడికి ఓపిగ్గా జవాబు చెప్పాలంటే తల్లికి తీరిక ఉండాలి. ఆ తీరిక ఎవరు ఇస్తారన్న ప్రశ్న పుస్తకం మూసిన తరువాత నాకు మిగిలిపోయింది.

అంతకంటే పెద్ద కొరత ఇంకోటి ఉంది. చలంగారి బరువంతా ఇంటి లోపలే. ఇటు బిడ్డ, అటు తల్లిదండ్రులు. మూడోవాడు లేడు. మన పెంపకంలో సగం నడిపించేది ఆ మూడోవాడే. వాడి పేరు ‘నలుగురు’.

నిజామాబాదు నుంచి బోధను పోయే బస్సు ఎక్కండి. గంట ప్రయాణం. అందులో ఎప్పుడూ ఒక పిల్లవాడు ఏడుస్తూనే ఉంటాడు. కిటికీ సీటు కావాలనో, పల్లీల పొట్లం కింద పడిందనో. ఇదే ఏడుపు ఇంట్లో ఏడిస్తే తల్లి పట్టించుకోదు. ఏడ్చి ఏడ్చి వాడే ఊరుకుంటాడు. బస్సులో ముందు సీటు పెద్దమ్మ వెనక్కి తిరుగుతుంది. “ఏం పిల్లగాడమ్మా, చెవులు పలగొడుతున్నడు” అంటుంది. ఇంకో ఆయన పేపరు దించి చూస్తాడు. ఇంకొకావిడ, “ఒక్కటియ్యరాదు, అదే ఊకుంటడు” అని ఉచిత సలహా పారేస్తుంది. తల్లి ముఖం ఎర్రబడుతుంది. చెయ్యి లేస్తుంది. దెబ్బ తిన్నది పిల్లవాడు. కొట్టించింది బస్సు.

పక్క సీట్లో తండ్రి కూడా ఉంటాడు చూడండి, ఆయన వైపు ఒక్క చూపూ పోదు. పిల్లవాడు బడిలో ఫస్టు వస్తే “ఫలానా వారబ్బాయి”. బస్సులో ఏడిస్తే “ఏం తల్లమ్మా!” ‘తల్లిదండ్రులు’ అని పుస్తకాల్లో కలిపి రాసే మాట బజారులోకి వచ్చేసరికి రెండుగా విడిపోతుంది. మొదటి సగమే నిందకి దొరుకుతుంది.

ఇక్కడే మన సాహిత్యంలో ఇంకో పిల్లవాడు గుర్తొస్తాడు. 1950లలో ముళ్ళపూడి వెంకటరమణగారు రాసి, బాపుగారు బొమ్మ కట్టిన బుడుగు. వాడు చెయ్యని అల్లరి లేదు. ప్రైవేటు చెప్పే మాస్టార్లు వాడి పేరు చెప్తే హడలిపోతారు. మనం పడీ పడీ నవ్వుతాం. అందులో పదోవంతు మన పిల్లవాడు చేస్తే వీపు పగులుతుంది. ఎందుకని? పుస్తకంలో అల్లరి ముద్దు, ఇంట్లో అల్లరి మొద్దు అని సరిపెట్టుకోకండి. బుడుగు ఇంట్లో ఎవరెవరున్నారో లెక్కపెట్టండి. అమ్మ రాధ, నాన్న గోపాళం, వాణ్ణి వెనకేసుకొచ్చే బామ్మ, బాబాయి, ఇరుగూ పొరుగూ. ఒకరు కసిరితే ఇంకొకరు చంక నెత్తుకుంటారు. రాధ ఒంటరిది కాదు. అల్లరిని పంచుకునేవాళ్ళు ఉంటే అది హాస్యమవుతుంది. అదే అల్లరి ఒక్కదాని నెత్తిన పడితే నేరమవుతుంది. రమణగారు ఈ ముక్క ఎక్కడా పాఠంగా చెప్పరు. కాని ఆ ఇంటిని అలా కట్టారు. ‘బిడ్డల శిక్షణ’లో నాకు దొరకని అధ్యాయం నవ్వుల పుస్తకంలో దొరికింది.

అయితే ‘నలుగురు’ ఎప్పుడూ చెడ్డవాళ్ళే అనుకోవడం కూడా పొరపాటే. బోధను సంగతే తీసుకోండి. 1931లో నిజాంసాగరు పూర్తయి మంజీర నీళ్ళు పొలాలకు పారాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని పక్కన శక్కర్‌నగర్ క్వార్టర్లు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఇళ్ళు ఒకే వరసలో ఉండేవి. చుట్టుపట్ల క్యాంపుల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు. గానుగ సీజనులో చెరుకు బండ్లూ, తరువాత ట్రాక్టర్లూ బారులు తీరేవి. వాటి వెనక పిల్లలు పరుగెత్తి గడలు లాగడం అక్కడి బాల్యంలో ఒక భాగం. అలా లాగుతూ ఏ చక్రం కిందో పడబోతే రెక్క పట్టుకుని పక్కకి ఈడ్చేది ఏ పక్కింటి ఖాలానో, ఎదురింటి అత్తనో. ఆవిడే ఒక దెబ్బ వేసి, ఆవిడే అన్నం పెట్టి, సాయంత్రం తల్లికి అప్పగించేది. ఆవిడకి మాట అనే హక్కు ఉంది. ఎందుకంటే పెంపకంలో ఆవిడకీ వాటా ఉంది.

ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. మిల్లు ఆగితే జీతాలే ఆగలేదు, ఆ వరస ఇళ్ళ బతుకూ చెదిరింది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. మా జిల్లా నుంచి గల్ఫుకు పోయినవాళ్ళు మొదటి నుంచీ ఎక్కువే. దుబాయిలో ఉన్న తండ్రి వారానికోసారి ఫోనులో ముఖం చూపించి, “మంచిగ చదువుకో బిడ్డా” అంటాడు. మిగిలిన ఆరు రోజులూ, ఆ ఏడో రోజూ కూడా తల్లిదే. అంటే ఏం జరిగిందన్నమాట? పెంపకంలో వాటా ఉన్న నలుగురూ తగ్గిపోయారు. తీర్పు చెప్పే నలుగురు మాత్రం బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో అలాగే ఉన్నారు.

ఆ చూపులకి జడిసి ఇప్పటి తల్లి ఒక కొత్త ఉపాయం కనిపెట్టింది. ఏడుపు మొదలవగానే సెల్‌ఫోను చేతిలో పెడుతుంది. వాడు నోరు మూస్తాడు, బస్సు మెచ్చుకుంటుంది. “ఎంత బుద్ధిమంతుడమ్మా!” అని. చెంపదెబ్బకీ ఈ ఫోనుకీ చాలా తేడా ఉన్నట్టు కనిపిస్తుంది గాని, రెండూ ఒకరి కోసమే చేసినవి. ఆ ఒకరు పిల్లవాడు కాడు. పైగా ఇంటికొచ్చాక, “ఎప్పుడూ ఫోనేనా?” అని అదే నలుగురు మళ్ళీ తల్లినే అడుగుతారు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటారు పెద్దలు. నిజమే కావచ్చు. కాని మొక్క ఎటు వంగుతోందో చూడాలి గదా! నలుగురి కోసం దెబ్బ తిన్న పిల్లవాడు నేర్చుకునేది మంచీ చెడూ కాదు, ఎవరైనా చూస్తున్నారా లేదా అన్నది. చూసేవాళ్ళు ఉంటే చెరుకు ముట్టడు. లేకపోతే గడ కాదు, కట్ట లాగుతాడు. భయంతో వంగినవాడు అబద్ధం నేర్చుకుంటాడని చలంగారు అన్నది ఇక్కడే నిజమవుతుంది. కాకపోతే ఆ భయాన్ని తల్లి ఒక్కతే తయారుచెయ్యలేదు. ఆమె కూడా భయపడే కొట్టింది.

అందుకని నా మాట ఇది. ‘బిడ్డల శిక్షణ’ను ప్రతి తల్లీ చదవవలసిందే. కాని తల్లి ఒక్కతే చదివితే ఆమె నెత్తిన ఇంకో నేరం మోపినట్టవుతుంది. కొట్టినా తప్పు, కొట్టకపోయినా తప్పు అన్న చోట ఆమెను నిలబెట్టినట్టవుతుంది. తండ్రి చదవాలి. అత్తగారు చదవాలి. ముఖ్యంగా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగే పెద్దమ్మ చదవాలి. మనందరం ఏదో ఒక బస్సులో ఆ పెద్దమ్మలమే గదా!

ఈసారి పక్క సీట్లో పిల్లవాడు ఏడిస్తే రెండు పనులు చెయ్యవచ్చు. చేతనైతే, “ఆ సంచి ఇటియ్యమ్మా, నేను పట్టుకుంట, నువ్వు పిల్లగాణ్ణి సూసుకో” అనండి. అంత చొరవ లేకపోతే కిటికీ బయటికి చూడండి. ఎడపల్లి దాటాక పొలాలు బాగుంటాయి.