గాయకుని పేదరికమును కీర్తింపదగునా?

మన దేశమున గాయకుని చరిత్ర వ్రాయువారు మొదట అతని ఆకలిని వర్ణించి, పిమ్మట అతని పాటను ప్రస్తావింతురు. కష్టమే కళకు కన్నతల్లి యనుట మనకు వాడుకయైనది. ఈ మాట యెంతవరకు నిజమో విచారింపవలసియున్నది.

ఇందులకు కృష్ణాతీరమునందలి ఉదాహరణములే చాలును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములను పాడుచుండెడివారు. కుమారుని సంగీతవిద్వాంసునిగ జూడగోరి, ఆ కోరిక తీరకమునుపే కన్నుమూసిరి. బాలుడు చేతి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. అచట వారములు చేసికొనెను. అవి తప్పినపుడు జోలెకట్టి మధుకరమెత్తెను. ఈ కథ చెప్పనివారు లేరు. విని కన్నీరు పెట్టనివారును అరుదు.

అయినను ఆ గాత్రమును తీర్చినది జోలెయా? కాదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ప్రతిఫలము గోరక చెప్పిన పాఠమును, పిమ్మట కళాశాలలో జరిగిన సాధనయు దానిని తీర్చినవి. నాటకరంగమున పద్యము దీర్ఘాలాపనమున మునిగి, అర్థము తేలకపోవుచుండిన కాలమున, ఆయన రాగమును భావమునకు లోబరచి, ప్రతిపదమును స్పష్టముగ వినిపించిరి. సినిమాతో సంబంధము లేక రికార్డుగ వెలువడిన కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ ఇందుకు నిదర్శనము. అందు తెర లేదు, నటుడు లేడు. పద్యమును గళమును మాత్రమే కలవు. ఆ నిగ్రహము శిక్షణవలన కలిగినదే కాని పస్తులవలన గాదు. పస్తులే గాయకులను పుట్టించునేని, మన పల్లెలన్నియు విద్వాంసులతో నిండియుండవలెను. అదే యాకలితో బయలుదేరి, త్రోవనుండియే మరలిపోయిన బాలుర లెక్క యెవరు వ్రాసిరి?

దివిసీమ ప్రాంతపు పెదకళ్లేపల్లి ఇంకొక పాఠము చెప్పుచున్నది. సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు, త్యాగరాజస్వామి శిష్యులగు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారికడ విద్య గడించి, తెనుగునేలపై శిష్యులకు బోధించిరి. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఈ పరంపర నిలుచుటకు కారణము శిష్యుల దారిద్ర్యము కాదు, గురువుల ఔదార్యము. గురుగృహమే విద్యాలయమైనపుడు, ఆ గృహమున పొయ్యి రాజేసి, శిష్యులను బిడ్డలవలె చూచిన ఇల్లాండ్రది యందు సగపాలు. వారి పేరులు మన చరిత్రలయందు అరుదుగ కానవచ్చును. కళకై చేసిన త్యాగమును లెక్కించునపుడు గాయకుని పద్దు మాత్రమే వ్రాయుట అన్యాయము.

మొవ్వ గ్రామపు గోపాలుని ముద్రతో పదములు రచించిన క్షేత్రయ్యగారు 17వ శతాబ్దివారు. ఆ పదములను తరతరములు కంఠమున నిలిపినవారిలో కలావంతుల స్త్రీలు ముఖ్యులు. దేవదాసీ యర్పణమును మదరాసు ప్రభుత్వము 1947లో శాసనముచే నిషేధించినది. ఆ యాచారమును తొలగించుట ధర్మమే. ఐనను ఆచారముతో బాటు ఆ స్త్రీల విద్యను గూడ హీనముగ జూచినది మన సంఘము. వారి పదములు వేదికలపై గౌరవము పొందినవి, వారు మాత్రము పొందలేదు. సంస్కారము దోషమును ఖండింపవలెను గాని మనుష్యులను గాదు.

ఇదే జిల్లాలోని మచిలీపట్టణమున 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు మున్నగువారు పరప్రభుత్వము నాశ్రయింపని విద్యకై ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. స్వతంత్రవిద్యకు సంఘమే ఆధారముకావలెనను ఆదర్శము మనకు క్రొత్తది గాదు. దానిని సంగీతమునకు వర్తింపజేయుటలోనే మన లోపము గలదు.

నేడును ఏ సంస్థ యండయు లేక, తమ సంపాదనతో పాటలు కూర్చి రికార్డు చేయు యువతీయువకులు కలరు. వారి పట్టుదలను మెచ్చుకొని, పాటను ఉచితముగ నాశించుట మన వాడుక. ఇంట వివాహమైనపుడు వంటవానికి, పురోహితునికి సొమ్ము ముందుగ నేర్పరచి, పాడవచ్చిన పిల్లకు తాంబూలముతో సరిపుచ్చెదము. భక్తి గాయకునిది, ధర్మము శ్రోతది. గాయకుని భక్తిని సాకుగ జేసికొని శ్రోత తన ధర్మమును తప్పించుకొనరాదు. మధుకరకథ విని కన్నీరు విడుచుట సులభము. మరియొక బాలుడు జోలె పట్టకుండ జూచుటయే ఆ గాయకునకు తగిన గౌరవము.