రఘు పేరు అందరికీ తెలుసు

‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ రాయబోయేది ఎక్కువగా ఆ సినిమాతో నాకున్న పేచీ గురించే.

నీలగిరుల్లో ముదుమలై అడవి. అందులో తెప్పకాడు ఏనుగుల శిబిరం. కట్టునాయకన్ తెగకు చెందిన బొమ్మన్, బెల్లి అక్కడ రఘు అనే తల్లిలేని గున్నను పెంచుతారు. తల్లి కరెంటు తీగ తగిలి చనిపోయింది. తర్వాత అమ్ము అనే ఇంకో గున్న వాళ్ళ చేతికి వస్తుంది. నలభై నిమిషాల డాక్యుమెంటరీ ఇది, కార్తికి గొన్సాల్వెస్ తీశారు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఒక ఆదివాసీ ఇల్లు, ఒక నడివయసు ఆదివాసీ జంట పెళ్ళి అంత గౌరవంగా తెర మీద కనిపించడం చిన్న విషయం కాదు. తలకు ఈకలు కట్టించి గెంతులు వేయించిన మన సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళకు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

రెండోసారి చూసినప్పుడు ఒకచోట ఆగిపోయాను. రఘు పెద్దవాడయ్యాడని వాణ్ణి వేరే మావటికి అప్పగిస్తారు. బెల్లి ఏడుస్తుంది. బొమ్మన్ మాట పెగలక నిలబడతాడు. ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? వీళ్ళను ఒక్క మాటైనా అడిగారా? వద్దు అనే హక్కు వీళ్ళకు ఉందా? కెమెరా అటు తిరగదు. ఆఫీసు కనపడదు, ఉత్తర్వు కాయితం కనపడదు. వాన పడకపోవడం లాగా, చెట్టు కూలిపోవడం లాగా అదీ జరిగిపోయినట్టు ఉంటుంది. నియమానికి కారణం ఉండొచ్చు. పెద్ద ఏనుగును నడపడం వేరే పని అంటే ఒప్పుకుంటాను. ఆ కారణం చెప్పాల్సిన బాధ్యత మాత్రం సినిమాకు తట్టలేదు. కన్నీళ్ళు చాలనుకుంది.

అర్ధరాత్రి లేచి పాలు పట్టడం, సంకటి ముద్దలు చేసి నోటికి అందించడం, ఏటికి తోలుకెళ్ళి ఒళ్ళు తోమడం, పుండుకు మందు రాయడం, ఇవన్నీ పని. సినిమా వీటన్నిటికీ ప్రేమ అని ఒకే పేరు పెట్టింది. ప్రేమ లేదని నేను అనను. కానీ ప్రేమకు హాజరుపట్టీ ఉండదు, జీతం అడగడం బాగుండదు. మావటి సహాయకుణ్ణి అక్కడ కావడి అంటారు. తమిళనాడులో మొదటి మహిళా కావడిగా బెల్లికి నియామక పత్రం అందింది 2023 ఆగస్టులో. అంటే ప్రపంచమంతా ఆమె పనిని చూసి చప్పట్లు కొట్టిన తర్వాత. ఆస్కార్ రాకపోతే?

పేరులోనే ఇంకో చిక్కు ఉంది. ఏనుగు చెవిలో గుసగుసలాడేవాళ్ళట! పుట్టుకతో వచ్చిన మాయ ఏదో ఉన్నట్టు. మావటి చూసేది లద్దెను, చెవుల కదలికను, కణత దగ్గర కారే మదాన్ని. తాత దగ్గర, తండ్రి దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య అది. విద్య అని ఒప్పుకుంటే గురువు అనాల్సి వస్తుంది. ఆస్కార్ వచ్చిన అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం తెప్పకాడు, ఆనమలై శిబిరాల నుంచి 13 మంది మావటీలను, కావడీలను శిక్షణ కోసం థాయిలాండ్ పంపాలని 50 లక్షల రూపాయలు కేటాయించింది. ఆ వార్త చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ థాయిలాండ్ కథ కూడా వినదగ్గదే. 1989లో అక్కడ అడవుల్లో కలప నరకడం నిషేధించారు. దుంగలు లాగే ఏనుగులు, వాటి మావటీలు ఒక్కసారిగా పని లేకుండా పోయి పర్యాటకుల దగ్గరికి చేరారు. మొదట సవారీలు, ఆటలు. ఇప్పుడు సవారీ లేని ‘నైతిక’ కేంద్రాలు. వెళ్ళేవాళ్ళు ముందే అడుగుతారు: ఏనుగు ఎక్కనిస్తారా, అంకుశం వాడతారా, గొలుసు కడతారా? మంచి ప్రశ్నలే. మావటికి ఎంత ఇస్తారు, అతని గుడిసె ఎక్కడుంది, ఈ నేల ఎవరిది అన్నవి మాత్రం ఆ జాబితాలో ఉండవు. ఆ మావటీల్లో చాలామంది కరెన్ కొండజాతివాళ్ళు. 2020లో కరోనాతో టికెట్లు ఆగిపోగానే వందకు పైగా ఏనుగులు చియాంగ్ మై శిబిరాల నుంచి మే చేమ్ కొండల్లోని కరెన్ ఊళ్ళకు నడిచి వెళ్ళాయి. పర్యాటకులు లేని రోజుల్లో వాటికి మేత చూపించింది ఆ ఊళ్ళే.

తెప్పకాడుకు నేనూ టికెట్ కొనుక్కునే వెళ్ళాను. కాబట్టి పర్యాటకుణ్ణే. సాయంత్రం ఏనుగులకు రాగి, ఉలవలు, బెల్లం కలిపిన ముద్దలు పెట్టే వేళ. గట్టుకు ఇవతల జనం. అందరిదీ ఒకటే ప్రశ్న, “రఘు ఏది?” ఒకాయన ఫోన్ ఎత్తి, ముద్ద పెడుతున్న మావటిని కాస్త పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. మావటి జరిగాడు. అలవాటైపోయినట్టు జరిగాడు.

ఆ పెద్దమనిషి చేసిందే సినిమా కూడా ఇంకొంచెం మర్యాదగా చేసిందని నాకు అనిపించింది. బొమ్మన్‌ను పక్కకు జరపలేదు, నిజమే. మధ్యలోనే నిలబెట్టింది. జరిపింది అతని చుట్టూ ఉన్నదాన్ని. ముదుమలైని 2007లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ తర్వాత లోపలి ఊళ్ళను బయటికి తరలించారు. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. ఇందులో ఒక్క ముక్క కూడా ఆ అందమైన పొగమంచులో లేదు. ఊళ్ళు ఖాళీ అయిన అడవిలో పర్యాటకుడికి మాత్రం రాత్రి బసకు గది దొరుకుతుంది.

మా పార్వతీపురం మన్యంలో ఏనుగు ఇంకోలా వస్తుంది. 2018 నుంచి ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు మా పోడు చేలల్లో, అరటి తోటల్లో తిరుగుతోంది. మనుషులు చనిపోయారు, ఏనుగులూ చనిపోయాయి. మాకు ఏనుగు అంటే భయమూ ఉంది, జాలీ ఉంది. ఈ రెండూ కలిసిన సినిమా ఇంకా ఎవరూ తీయలేదు.

2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు మన రాష్ట్రానికి వచ్చాయి. రంజన్, కృష్ణ, అభిమన్యు అని పేపర్లలో వాటి పేర్లు చదివాం, దండలు వేసిన ఫొటోలు చూశాం. వాటితో వచ్చిన మావటీల పేర్ల కోసం రెండు మూడు పేపర్లు తిరగేశాను. నా కంటికి కనపడలేదు.