మగ కప్ప, అట్రజీన్: ఒక ప్రయోగముపై విమర్శ

కలుపు మందు కలుపును చంపునుగాని జంతువు జోలికి ఏల పోవునని అడుగుట సహజమే. అట్రజీన్ విషయములో ఈ ధీమాకు కొంత ఆధారము కూడ కలదు. 1958లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, ఆకులోని హరితరేణువులలో డి-1 అను ప్రోటీనును అంటిపెట్టుకొని, కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రానుల ప్రవాహమును ఆపివేయును. మొక్కజొన్న దీనిని గ్లూటాథయోన్ అను పదార్థముతో కలిపి నిర్వీర్యము చేసికొనును. అనేక కలుపు మొక్కలకు ఆ శక్తి చాలదు. జంతు కణములలో హరితరేణువులే లేవు గదా!

అయితే ఒక చోట పనిచేయు రసాయనము మరియొక చోట మరియొక విధముగా పనిచేయరాదను నియమమేమియు లేదు. 2000లో శాండర్సన్, ఆయన సహచరులు మానవుని అడ్రినల్ గ్రంథి కణితి నుండి పెంచిన కణములకు అట్రజీన్ అందించి, వానిలో అరోమటేజ్ అను ఎంజైము చురుకుదనము పెరిగినట్లు చూపినారు. టెస్టోస్టిరోన్ వంటి పురుష హార్మోనులను ఈస్ట్రోజెనులుగా మార్చునది ఈ ఎంజైమే. కణములో చక్రీయ ఏఎంపీ అను సందేశవాహకము నశింపకుండ అట్రజీన్ అడ్డుపడుననియు, అందువలన అరోమటేజ్ జన్యువు మేల్కొనుననియు ఒక వివరణ. కార్యకారణ సంబంధము చక్కగనే ఉన్నది. కాని ఈ ప్రయోగములలోని మోతాదులు మైక్రోమోలార్ స్థాయివి. ఒక మైక్రోమోలార్ అనగా లీటరునకు సుమారు 216 మైక్రోగ్రాములు. అమెరికాలో త్రాగునీటికి పెట్టిన హద్దు 3 మైక్రోగ్రాములు. గాజుపాత్రలోని కణమునకు జరిగినది శరీరములోని కణమునకును జరుగునని వెంటనే అనుటకు వీలులేదు.

లోకమంతట సంచలనము కలిగించినది ఈ కణముల ప్రయోగము కాదు, కప్పల ప్రయోగము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలోని టైరోన్ హేయెస్ 2010లో ప్రకటించిన పరిశోధనలో, జన్యురీత్యా మగవియైన 40 ఆఫ్రికా గోళ్ల కప్పలను తోకకప్ప దశ నుండి యౌవనము వరకు 2.5 మైక్రోగ్రాముల అట్రజీన్ కలిపిన నీటిలో పెంచినారు. వానిలో టెస్టోస్టిరోన్ తగ్గినది, శుక్రకణముల ఉత్పత్తి క్షీణించినది, ఆడకప్పలతో జతకట్టు యత్నము సన్నగిల్లినది. నూటికి 10 వంతున పూర్తిగ ఆడకప్పలుగ మారి, మామూలు మగకప్పలతో కలిసి గ్రుడ్లు పెట్టినవి.

ఈ పరిశోధనలో మెచ్చుకొనదగినది దాని ఓర్పు. అనేకులు తోకకప్ప కప్పగ మారగనే దానిని కోసి చూచి ముగింతురు. ఇక్కడ కప్ప పెరిగి పెద్దదై జతకట్టు దాక వేచియున్నారు. సంతానశక్తిని గూర్చి అడుగువాడు చేయవలసినది అదే. కాని మోతాదు ఒక్కటే. మందు పెరిగినకొలది ఫలితమును పెరుగునా అను ప్రశ్నకు ఇందు జవాబు లేదు. 40లో 10 వంతు అనగా 4 కప్పలు. ఇంత చిన్న సంఖ్య నుండి లెక్కించిన, అసలు నిష్పత్తి నూటికి 3 కావచ్చును, 24 కావచ్చును. కావున ఆడకప్పలైన నాలుగింటి కంటె, శుక్రకణములు తగ్గిన తక్కిన మగకప్పల సాక్ష్యమే బలమైనది. పత్రికలు మాత్రము ఆ నాలుగింటినే పట్టుకొన్నవి.

దీనికి ఎదురుగ చూపబడునది 2009లో క్లోవాస్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన. మందు తయారుచేయు సింజెంటా సంస్థ ధనసహాయముతో రెండు ప్రయోగశాలలలో జరిగిన ఈ పరీక్షలో 0.01 నుండి 100 మైక్రోగ్రాముల వరకు పలు మోతాదులు వాడినారు. బీజకోశములలో మార్పేమియు కానరాలేదు. ధనమెవరిదో చూచి ఫలితమును త్రోసివేయుట శాస్త్రము కాదు. ఏర్పాట్లలో ఇది హేయెస్ పని కంటె కట్టుదిట్టమైనదే. లోపము మరియొక చోట ఉన్నది. హేయెస్ కప్పలన్నియు మగవి. ఇచ్చట ఆడ మగ కలిసిన తోకకప్పలు. నూరింటిలో 50 మగవియై, వానిలో 5 మారినను, 50-50 అను నిష్పత్తి 55-45 అగును, అంతే. ఆ పాటి తేడా యాదృచ్ఛికముగ కూడ రావచ్చును. పైగ ఈ కప్పలను జతకట్టు వయస్సు దాక పెంచలేదు. ఒకరు అడిగిన ప్రశ్నకు మరియొకరు వేరు ప్రశ్నతో జవాబు చెప్పినట్లయినది.

ఇక మనుష్యులు కూడ ఆడవారగుదురను మాట వట్టిది. ఈ కప్పలలో మగదానికి రెండు జెడ్ క్రోమోసోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మనుష్యులలో వై క్రోమోసోము మీది జన్యువు పిండదశలోనే వృషణమును నిర్ణయించును. కప్ప నుండి మనుష్యునికి తేదగిన ప్రశ్న లింగమార్పిడి కాదు, శుక్రకణముల సంఖ్య, చలనము.

ఆ ప్రశ్నను నేరుగ అడిగినది 2003లో షానా స్వాన్ బృందము. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రములో 50 మందిని పరీక్షింపగా, మూత్రములో అట్రజీన్ అవశేషములు కనబడినవారు వీర్యపు నాణ్యత తక్కువైన వర్గములో ఉండు అవకాశ నిష్పత్తి 11.3గ తేలినది. అలక్లోర్ అను మరియొక కలుపు మందునకు ఇది 30. మందుల మట్టము తక్కువగ ఉన్న మిన్నెసోటాలో ఇట్టి సంబంధము కానరాలేదు. ఇవి చిన్న గుంపుల అంకెలు. 30 అనగానే ముప్పది రెట్ల నష్టమని చదువరాదు. అంతకంటె ముఖ్యమైన చిక్కొకటి కలదు. మూత్రము చెప్పునది కొలది దినముల క్రిందటి సంగతి. శుక్రకణము వృషణములో తయారగుటకు సుమారు 74 దినములు పట్టును. నేటి మూత్రమును నేటి వీర్యముతో పోల్చుట, నిన్నటి వానను చూచి మొన్నటి పంటను నిర్ణయించుట వంటిది.

హద్దులను చూచినను ఈ అనిశ్చయమే. ఐరోపా సంఘము ఏ పురుగు మందుకైనను, కలుపు మందుకైనను త్రాగునీటిలో లీటరునకు 0.1 మైక్రోగ్రామే అనుమతించును. భూగర్భజలము ఆ హద్దులో నిలుచునను నమ్మకము చాలక 2004లో అట్రజీన్‌ను తొలగించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక హద్దు 100. అనగా వేయి రెట్ల తేడా. ఇందులో మొదటిది విషప్రభావమును కొలిచి పెట్టినది కాదు, నీటిలో మందే ఉండరాదను విధానము నుండి వచ్చినది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి ఒకరిని మోసగాడనువారు ఈ భేదమును గమనింపరు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న చేలలో విత్తిన రెండు మూడు దినములలో వీపున స్ప్రేయరు మోసి అట్రజీన్ చల్లు కూలికి, మందు చేరునది త్రాగునీటి ద్వారా మాత్రమే కాదు. చేతుల మీదుగ, తడిసిన చొక్కా మీదుగ కూడ. బర్క్లీ కప్పగాని, మిస్సోరి పౌరుడుగాని ఈతని సంగతి చెప్పజాలరు. చల్లుటకు ముందు, చల్లిన మరునాడు, వారమునకు మూత్రము కొలిచి, మూడు నెలల తరువాత వీర్యమును పరీక్షించి, మందు చల్లని అదే గ్రామపు వారితో పోల్చవలెను. దీనికి గొప్ప యంత్రములు అక్కరలేదు. ఒక వైద్య కళాశాల, ఒక వ్యవసాయ కళాశాల ఒక వానకాలము కలిసి పనిచేసిన చాలును.