‘కోరింగీ’, ‘రంగం’: ఉద్దానం వలసలో రెండు పేర్ల వ్యుత్పత్తి – పరిశీలన

1. ఉపోద్ఘాతం

బ్రిటిష్ పాలనలోని బర్మాలో తెలుగువారిని, ముఖ్యంగా రంగూన్ రేవుకూలీలను, ఇంగ్లీషువారు వాడుకలో ‘కోరింగీ’ అనేవారు. చులకన ధ్వనించే ఈ వ్యావహారిక పదం అధికార పత్రాల్లోకి కూడా చేరింది. ఇది గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు నుండి వచ్చిందన్నది అందరూ అంగీకరించే విషయమే. అయితే పదం పుట్టిన చోటునే, ఆ పదంతో పిలువబడిన మనుషులు పుట్టిన చోటుగా భావించవచ్చునా? పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నుండి సాగిన వలసల చరిత్రకు ఈ ప్రశ్న కీలకమైనది.

2. కళింగ వ్యుత్పత్తి

యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ కోశం ‘కోరంగి’ని బహుశా ‘కళింగ’కు వికృతి కావచ్చునని ఊహించింది. మలయా ప్రాంతంలో దక్షిణ భారతీయులకు వాడిన ‘క్లింగ్’ అనే మాట కళింగ నుండి వచ్చిందన్న నిర్ణయానికి బలముంది. కోరంగి విషయంలో అంతటి బలం కనిపించదు. లకార రేఫల మార్పును ఒప్పుకున్నా, తొలి అచ్చు ఓకారం కావడానికి కారణం చూపవలసి ఉంటుంది. కళింగపట్నమనే ఊరిపేరులోనూ, టెక్కలి ప్రాంతంలో నేటికీ నిలిచిన ‘కాళింగ’ అనే కులనామంలోనూ ఈ రెండు మార్పులూ జరగలేదు. కాబట్టి కోశకారుల ‘బహుశా’ను తొలగించి, ‘కోరింగీ’లో ప్రాచీన కళింగ వైభవాన్ని చూడటం తొందరపాటే.

3. రేవు పేరు మనుషుల పేరైన తీరు

కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరొందిన రేవు. 1839 నాటి తుపాను దానిని దెబ్బతీసింది. బ్రిటిష్‌వారు రంగూన్‌ను ఆక్రమించినది 1852లో. కూలీల భారీ వలస ఆ తరువాతిది. అంటే రేవు క్షీణించాక కూడా దాని పేరు మనుషులకు అంటుకొనే ఉంది. వారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల వారు అనేకులు. కోరంగిని కంటితో చూడనివారు సైతం కోరింగీలయ్యారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీయులను నియమించి, సమ్మె ముగియగానే తొలగించడంతో అల్లర్లు చెలరేగాయి. అప్పటికి ఈ పదం ఊరిని కాక వృత్తిని, కూలిని, సామాజిక స్థాయిని సూచించేదిగా స్థిరపడింది. ఇక్కడ జరిగినది అర్థవ్యాకోచం మాత్రమే కాదు, అర్థాపకర్ష కూడా.

4. ‘రంగం’

వలస వెళ్ళినవారికి తమ మాట ఒకటుంది. ఉత్తరాంధ్ర వాడుకలో రంగూన్ ‘రంగం’ అయింది. పరభాషా నామం తెలుగు అమంత నామాల వరుసలో చేరి, అప్పటికే ఉన్న సంస్కృతసమమైన ‘రంగం’తో రూపంలో ఏకమైంది. ‘కోరింగీ’ ఇతరులు పెట్టిన పేరు. అది బయలుదేరిన చోటును తప్పుగా చెబుతుంది. ‘రంగం’ తాము పెట్టుకున్న పేరు. అది చేరిన చోటును తమదిగా చేసుకుంటుంది. మొదటిది పత్రాల్లో దొరుకుతుంది, రెండవది ఇళ్ళలో వినబడుతుంది. మొదటిదానినే ఆధారంగా గ్రహించే చరిత్ర సగం చరిత్రే అవుతుంది.

5. ముగింపు

టెక్కలి, సోంపేట తాలూకాలు 1936 వరకు గంజాం జిల్లాలోనివి. ఒరిస్సా ఏర్పడినప్పుడు అవి విశాఖపట్నం జిల్లాలో, 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరాయి. ఈ కారణంగా ఒకే ఉద్దానం కుటుంబం పత్రాల్లో ఒకచోట గంజాం వారిగా, మరొకచోట విశాఖ వారిగా, బర్మాలో కోరింగీలుగా కనిపించవచ్చు. ‘కోరింగీ’ని చూడగానే గోదావరి వారని నిర్ణయిస్తే ఆ కుటుంబం చరిత్ర నుండే జారిపోతుంది. కనుక పరిశోధకులు ఈ పదాన్ని జన్మస్థల సూచికగా కాక ఒక ముద్రగా చదవాలి. ఓడ ఎక్కిన రేవు, నాటి జిల్లా, కుటుంబాల మౌఖిక సాక్ష్యం – ఈ మూడింటితో సరిచూశాకే నిర్ణయానికి రావాలి. వ్యుత్పత్తి పదానికి ఊరు చూపగలదు. మనిషి ఊరిని మాత్రం విడిగా వెదకవలసిందే.