చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లూ రెట్టిస్తూ పోతే మొత్తం 18446744073709551615 గింజలు. శృంగవరపుకోట చుట్టుపక్కల వడ్లు కొలిచిన కుంచాలూ పుట్లూ ఇక్కడ చేతులెత్తేస్తాయి. గింజ 25 మిల్లీగ్రాములనుకున్నా బరువు 46 వేల కోట్ల టన్నులు దాటుతుంది. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుని గణిత సారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్న ఒక చంపకమాల ఈ సంఖ్యను చెబుతుంది. దాన్ని కంఠపాఠానికి పనికొచ్చే చమత్కారంగానే మెచ్చుకుంటారు. నిజానికి అది సంఖ్య చెడిపోకుండా కట్టిన కంచె.

ఆ పద్యం అంకెలను వస్తువుల పేర్లతో చెప్పే భూతసంఖ్యల్లో ఉంది. వాటిలో చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, బాణాలు ఐదు, కొండలు ఏడు, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చదవాలి. మన సంఖ్యలో ఏడు మూడుసార్లు వస్తే కవి నగ, భూధర, గిరి అన్నాడు. ఐదును రెండుచోట్ల శర అని, ఒకచోట సాయక అన్నాడు. ఎందుకంటే తొలి పాదం శకారంతో మొదలైంది, పదకొండో అక్షరం దగ్గర యతికి ‘సా’ కుదిరింది. రెండో పాదం ధకారంతో మొదలవుతుంది కనుక, పైపాదంలో షట్క అయిన ఆరు ఇక్కడ తర్క అయింది. భూధర మాట రెండు పాదాలకు చీలింది ప్రాస కోసమే. లేఖకుడు ఒక మాట మార్చినా, జార్చినా చాలావరకు పద్యమే కుంటుతుంది.

యతి అక్షరాన్ని కాస్తుంది గాని విలువను కాయదు కదా అనవచ్చు. గట్టి అభ్యంతరమే. రంధ్రానికి తొమ్మిది, సున్న రెండూ వాడుకలో ఉన్నాయి. పద్యంలో ఆ మాట ఉంది. ఇక్కడ సంఖ్య స్వభావమే ఆదుకుంటుంది. మహావీరుడి పద్ధతిలో శ్రేణి పదాల సంఖ్య, అంటే ఇక్కడ గళ్ల సంఖ్య, సరి అయితే సగం చేసి వర్గం కడతారు, బేసి అయితే ఒకటి తీసి గుణకంతో హెచ్చిస్తారు. అరవై నాలుగు ఆరుసార్లు సగమై ఒకటికి దిగుతుంది కనుక రెండుకు ఆరు వర్గాలు చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆపై 18446744073709551616. అందులో ఒకటి తీస్తే మన సంఖ్య. ఏ వర్గంలోంచి ఒకటి తీసినా, అది మూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువల లబ్ధం. అందుకే 3, 5, 17, 257, 65537, 4294967297 వరసగా కారణాంకాలవుతాయి. చివరిది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. ఇప్పుడు రంధ్రాన్ని సున్నగా చదవండి. అంకెల మొత్తం 87 నుంచి 78కి దిగుతుంది, రెండూ మూడుతో పోతాయి. చివరి అంకె మారలేదు కాబట్టి ఐదు కూడా పసిగట్టలేదు. పదిహేడు పట్టేస్తుంది: తగ్గిన 9000000 దానితో శేషం లేకుండా పోదు.

ఈ లెక్క తెలుగువారి సొంతమేమీ కాదు. పండితుడు అల్ బెరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలోనే ఇదే సంఖ్యను తేల్చాడు. పైగా పద్యం జవాబు చెబుతుంది గాని దారి చెప్పదు, అది లోపమే. అయితే యంత్రాలున్న కాలంలో ఈ కాపలా ఎందుకన్న మాట మాత్రం నిలవదు. కంప్యూటర్లో 64 బిట్లకు పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. పొరపాట్లు సరిదిద్దుకునే మెమరీలో ఆ అరవై నాలుగు బిట్లకూ కాపలాగా మరో ఎనిమిది జతచేస్తారు.