నీళ్ల సీసాకు రెండు రంధ్రాలు

మన ఊళ్లలో తిరిగిన పాత నల్ల సైకిళ్ల మీద అన్నిటికీ చోటుంది. వెనక క్యారియర్, ముందు డైనమో లైటు, చక్రానికి తాళం, గాలి పంపు తగిలించుకోవడానికి పైపుకి కొక్కేలు. నీళ్లకు మాత్రం లేదు. అవసరం పడలేదు మరి. దారిలో బావులుండేవి, వేసవిలో చలివేంద్రాలుండేవి, గుమ్మం ముందు ఆగి అడిగితే చెంబుతో నీళ్లు వచ్చేవి. అన్ని గుమ్మాలూ అందరికీ ఇచ్చేవి కావు, అది వేరే సంగతి. ఇవాళ 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు పెట్టి సాగే దూరపు సైకిల్ ప్రయాణం, తొక్కేవాళ్లకు ఇచ్చేది పదమూడున్నర గంటలు. ఔటర్ రింగు రోడ్డు దాటాక ఎండలో చలివేంద్రం వెతుక్కునే తీరిక ఎక్కడిది? కాళ్లు ఆగకుండా చేయి చాపితే సీసా అందాలి.

ఆ సీసాను పట్టే కేజ్‌కి కావలసింది 64 మిల్లీమీటర్ల ఎడంలో రెండు మరలు, వాటిలో బిగిసే రెండు 5 మిల్లీమీటర్ల బోల్టులు. ఏ కంపెనీ కేజ్ కొన్నా దాదాపు ఇదే కొలత. కొత్త సైకిళ్లకు ఇవి ఫ్యాక్టరీలోనే వస్తాయి. నా దగ్గరున్న పాత స్టీలు ఫ్రేములకు లేవు. ఆ మాటకొస్తే యూరప్ రేసు సైకిళ్లకూ చాలాకాలం లేవు. రేసర్లు మొదట హ్యాండిల్‌కి సీసాలు తగిలించుకున్నారు, తర్వాత పైపుకి పట్టీలు బిగించుకున్నారు. ఫ్రేముకే మరలు అతికించడం 1970లలో గానీ మామూలు కాలేదు. పల్చటి పైపుకి బొక్క పెడితే బలం పోతుందని భయం.

ఆ భయం ఉత్తదేమీ కాదు. మంచి స్టీలు పైపు అంతటా ఒకే మందం ఉండదు. అతుకులు పడే కొసల్లో మందం, నడుమ పల్చన. ఇలాంటి పైపుకి ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ మరొకరితో కలిసి 1897లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన కంపెనీ 1935లో తెచ్చిన 531 రకంలో నడుమ అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండే పైపులూ ఉన్నాయి. మనం సీసా పెట్టాల్సింది సరిగ్గా ఆ నడుమే! గోటితో పైపు పొడుగునా కొట్టుకుంటూ పోతే చప్పుడు మారే చోటు తెలిసిపోతుంది. డ్రిల్లు తీసే ముందు ఈ పని చేయడం నాకు అలవాటు.

సులువైన దారి రివ్‌నట్. విమానాల రెక్కల మీద మంచు పట్టకుండా రబ్బరు తొడుగులు బిగించడానికి గుడ్‌రిచ్ కంపెనీ 1930లలో తయారుచేసిన వస్తువు ఇది. రంధ్రంలో దూర్చి లాగితే లోపలివైపు ఉబ్బి పట్టుకుంటుంది. నిప్పు లేదు, రంగు చెడదు. పల్చటి స్టీలుకు మాత్రం నేను ఒప్పుకోను. అది పైపుతో కలవదు, పట్టుకుని ఉంటుందంతే. ఏళ్ల కుదుపులకు వదులై బోల్టుతో పాటే తిరగడం మొదలుపెడితే ఇక బిగుసుకోదు, ఊడనూ ఊడదు.

నిలిచే పని వెండి అతుకు. చిన్న మర గొట్టాన్ని రంధ్రంలో కూర్చోబెట్టి చుట్టూ వెండి కడ్డీ కరిగిస్తారు. కంసాలి నగకు అతుకు వేసే పద్ధతే. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీల దాకా కాల్చాలి. ఈ కడ్డీకి 700 లోపే చాలు, పల్చటి పైపుకి ఆ తేడా చాలా పెద్దది. ఈ పని తెలిసినవాడి కోసం సైకిల్ షాపుల చుట్టూ తిరిగి లాభం లేదు. ఫ్రిజ్ మెకానిక్‌ని పట్టుకోవాలి. రోజూ గ్యాసు పైపులు అతికేది ఆయనే. అయితే ఆయన దగ్గర రెండు రకాల కడ్డీలుంటాయి. మా పేట మెకానిక్ ఒకటి చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాడు. “ఇది రాగికి సార్. ఇనుముకి పట్టినట్టే ఉంటది, తర్వాత పెళుసై ఊడొస్తది” అన్నాడు. అందులో భాస్వరం ఉంటుంది, ఇనుముతో కలిస్తే అతుకు గాజులా విరుగుతుంది. వెండి పాలు ఎక్కువున్న రెండో కడ్డీ, దానికి తగిన ఫ్లక్సు కావాలి. పాత కడ్డీల్లో కాడ్మియం ఉండొచ్చు, ఆ పొగ విషం. అందుకే తలుపులు బార్లా తీసి చేయమంటాను.

అసలు శ్రమ మంటకు ముందే ఉంది. పైపు గుండ్రం కాబట్టి మధ్యగీత కంటికి దొరకదు. కాగితం చుట్టి, దారం లాగి గీసుకోవాలి. పంచ్ గుర్తు లేకపోతే డ్రిల్లు జారుతుంది. చిన్న రంధ్రంతో మొదలుపెట్టి, గుండ్రటి ఆకురాయితో మర గొట్టం సరిగ్గా పట్టేంత వరకే పెంచాలి. వెండి సన్నని సందులోకే పాకుతుంది, వెడల్పాటి ఖాళీని నింపదు. అతుకు పడ్డాక నీళ్లు చల్లకూడదు, దానంతటదే చల్లారాలి. ఇనుప రజను కిందకి రాలి పెడల్ ఇరుసు దగ్గర చేరుతుంది, దులపకపోతే బేరింగులను తినేస్తుంది. కేజ్ తగిలించని రోజుల్లోనూ బోల్టులు బిగించే ఉంచాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగి తుప్పు పట్టిస్తాయి.

మంట తగిలిన చోట రంగు కాలిపోతుంది. మళ్లీ రంగు వేయించే ఉద్దేశం ఉంటేనే ఈ పని. లేకపోతే పట్టీలే మేలు. ఇంగ్లండు నౌకాదళంలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో కనిపెట్టిన జూబిలీ క్లిప్పే ఇవాళ మన హార్డ్‌వేర్ షాపుల్లో హోస్ క్లిప్పు. కింద పాత ట్యూబు ముక్క వేసి రెండు బిగిస్తే కేజ్ కదలదు. చూడ్డానికి అందంగా ఉండదు, నిజమే. అసలు రంగు చెక్కుచెదరని ఫ్రేముకి మాత్రం నేను ఇదే వాడతాను.

రంగుకి ఇచ్చే ముందు ఇంకో ఫ్రేముకి ఏటవాలు పైపు మీద వెండి అతుకు వేయించాను. సీటు పైపుకి రెండో సీసా సంగతి ఇంకా తేల్చుకోలేదు. కింది రంధ్రం పడాల్సిన చోటే ముందు డిరైలర్ క్లాంపు కూర్చుని ఉంది. పైకి జరిపితే పొడుగు సీసా అడ్డ పైపుకి తగులుతుంది, పొట్టి సీసా అయితే అందులో నీళ్లు నా బ్రెవే దారిలో తూప్రాన్ దాకా కూడా రావు.