ఈ ఊరికి వాడ ఏది?

యూనివర్సిటీ హాస్టళ్లలో చేతులు మారే ఇంగ్లీషు పుస్తకాల్లో అయాన్ రాండ్ నవల 'అట్లాస్ ష్రగ్డ్' ఒకటి. 1957లో అమెరికాలో అచ్చయింది. వెయ్యి పేజీలు దాటుతుంది. అయినా చదువుతారు. ప్రతిభ మీద, రిజర్వేషన్ల మీద వాదన వచ్చినప్పుడల్లా దాన్ని సాక్ష్యానికి పిలిచే వాళ్లున్నారు. వాళ్లే కాదు, మన పిల్లలూ చదువుతున్నారు. అలా చదివిన కొందరు విద్యార్థులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ఆ నవల్లో ఉన్న లోయ లాంటి ఊరు నిజంగా నడుస్తుందా అని.

అది పెట్టుబడిదారుల కథ అని ముద్ర కొట్టి పక్కన పడెయ్యడం తేలికే. కానీ అడిగిన వాళ్లకి అది జవాబు కాదు. కాబట్టి ముందు ఆ లోయలోకి వెళ్లి చూద్దాం.

దేశంలో ప్రభుత్వం పెత్తనం పెరిగిపోయిందని, తమ కష్టాన్ని చేతకానివాళ్లు దోచుకుంటున్నారని అక్కడి పారిశ్రామికవేత్తలు, శాస్త్రవేత్తలు, కళాకారులు ఒక్కొక్కరే మాయమైపోతారు. ఇది పనివాళ్ల సమ్మె కాదు, యజమానుల సమ్మె. వాళ్లంతా కొలరాడో కొండల మధ్య ఒక లోయలో చేరతారు. నాయకుడు జాన్ గాల్ట్. భూమి మైడాస్ మల్లిగన్ అనే బ్యాంకరు సొంత ఆస్తి. దాన్ని ఆయన మిగతావాళ్లకి అమ్ముతాడు, లీజుకిస్తాడు. అక్కడ ప్రభుత్వం లేదు, పన్ను లేదు. బంగారు నాణేలు చెల్లుతాయి. తగువొస్తే తీర్చడానికి ఒక మాజీ జడ్జి ఉన్నాడుగానీ, ఆయనకింతవరకూ పని పడలేదు. ఎవరూ ఎవరికీ ఊరకే ఏదీ ఇవ్వరు. 'ఇవ్వడం' అనే మాటే ఆ లోయలో నిషిద్ధం. ఎవరి మీదా ఎవరూ బలప్రయోగం చెయ్యకపోతే, ఆస్తి హక్కుకి అడ్డు రాకపోతే చాలు, మిగతాదంతా ఇష్టపూర్వకమైన బేరం చూసుకుంటుందన్నది లిబర్టేరియన్ల సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి కట్టిన ఇల్లు ఈ లోయ.

ఇందులో మన పిల్లల్ని లాగేది ఏమిటో మాకు తెలుసు. గాల్ట్ పెట్రోలు బంకులో మెకానిక్ కొడుకు. పన్నెండేళ్లకే ఇల్లు వదిలాడు. లోయలో ఎవరూ ఆయన్ని నీ తండ్రెవరు, నీ ఇంటిపేరేమిటి అని అడగరు. విమానాల ఫ్యాక్టరీ నడిపిన పెద్దమనిషి అక్కడ పందులు పెంచుతాడు, సిగ్గుపడడు. పుట్టుక అడగని ఊరు, పనికి మైల అంటని ఊరు! అలాంటి ఊరు కోసం ఆశపడటం తప్పని మేమనం. పందులు పెంచినందుకే ఊరి బయట ఉండాల్సి వచ్చిన వాళ్లకి ఆ పేజీ ఎలా అనిపిస్తుందో మేము ఊహించగలం.

వాడ లేని ఊరు రెండు రకాలుగా ఉండొచ్చు. కులం పోయి వాడ లేకుండా పోవచ్చు. లేదా వాడని కంటికి కనపడకుండా దాచిపెట్టొచ్చు. గాల్ట్ లోయ ఏ రకమో తేల్చాలి.

రచయిత్రి ఆ లోయకి మూడు ఊతకర్రలిచ్చింది. జనాన్ని ఏరి తెచ్చింది: అందరూ సమర్థులు, అందరూ నిజాయితీపరులు. అందుకే జడ్జికి పని లేదు. రెండోది, గాల్ట్ కనిపెట్టిన మోటారు. గాలిలోని విద్యుత్తుని లాగి నడుస్తుంది, బొగ్గు గనిలోకి దిగే మనిషి అక్కర్లేదు. మూడోది, ఆకాశం నుంచి చూసినా లోయ కనపడకుండా కప్పే కిరణాల తెర. ఈ మూడూ తీసేస్తే ఆ ఊరు ఎన్నాళ్లు నిలుస్తుంది? ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, పని దొరక్క తిరిగేవాళ్లు ఆ లోయలో మనకి కనపడరు. రైల్వే కంపెనీని నడిపిన డాగ్నీ టాగర్ట్ నెల రోజులపాటు గాల్ట్ ఇంట్లో వంటమనిషిగా, పనిమనిషిగా జీతానికి చేస్తుంది. రచయిత్రి దాన్ని గౌరవంగానే చూపించింది. కానీ డాగ్నీ నెల తర్వాత తన ఆఫీసుకి తిరిగి వెళ్లిపోయింది. పనిమనిషికి ఆ దారి ఉండదు.

ఇక ఎడీ విల్లర్స్. తాత, తండ్రి, తను మూడు తరాలు టాగర్ట్ రైల్వేనే నమ్ముకున్నారు. చిన్నప్పటినుంచీ డాగ్నీకి కుడి భుజం. దోపిడీదారు కాదు, సోమరి కాదు. అయినా లోయకి పిలుపు రాదు. చివర్లో అరిజోనా ఎడారిలో ఆగిపోయిన రైలింజను దగ్గర, దాన్ని వదిలి పోలేక, ఒంటరిగా కూలబడిపోతాడు. నవల అతన్ని అక్కడే వదిలేస్తుంది. మా లెక్కలో వాడ అక్కడుంది. ఊరు నడవడానికి కావాల్సినవాడు, ఊళ్లోకి రానివ్వబడనివాడు.

సరే, భూమి సంగతి చూద్దాం. మల్లిగన్ ఆ లోయని కొన్నాడు. ఎవరి దగ్గర? పశువుల పెంపకందారుల దగ్గర అంటుంది నవల. వాళ్ల కంటే ముందు ఎవరిదో అన్నంతవరకూ వెళ్లదు. ఈ లోయకి నమూనా కొలరాడోలోని యురే పట్టణమని రాండే చెప్పింది. ఆ పట్టణానికి పేరు యూట్ తెగ నాయకుడిది. 1873 ఒప్పందంతో ఆ కొండలు యూట్ల చేయి జారాయి. 1881లో అక్కడి యూట్లని యూటాకి తరిమేశారు. మనుషులు పోయారు, పేరు మిగిలింది. 1974లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో ఈ విషయం మీద ప్రశ్న ఎదురైతే రాండ్ ఆ ఆక్రమణని సమర్థించింది. అదే ఏడు లిబర్టేరియన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ తన పుస్తకంలో ఒక షరతు పెట్టాడు: ఆస్తి మొదట న్యాయంగా చేతికి వచ్చి ఉండాలి, న్యాయంగా చేతులు మారి ఉండాలి, లేకపోతే జరిగిన అన్యాయాన్ని సరిదిద్దాలి. ఈ షరతు చాలా పెద్దది. దాన్ని నిజంగా అమలు చేస్తే అమెరికాలో ఎన్ని పట్టాలు నిలుస్తాయి, మన దగ్గర ఎన్ని నిలుస్తాయి? దాన్ని అమలు చెయ్యకుండా ఇవాళ ఉన్న పట్టాల మీద మొదలుపెట్టిన స్వేచ్ఛ, నిన్న దోచుకున్నవాడికి రక్షణ మాత్రమే.

నవల్లోని రైల్వేకీ అసలు చరిత్రకీ దూరం ఇలాగే ఉంది. నాట్ టాగర్ట్ ప్రభుత్వం దగ్గర చెయ్యి చాపకుండా రైలు మార్గం వేశాడంటుంది నవల. అమెరికా ఖండాన్ని దాటిన మొదటి రైలు మార్గం 1862 చట్టం ఇచ్చిన భూములతో, అప్పులతో వచ్చింది. సియెర్రా కొండల్ని తొలిచింది చైనా కూలీలు. 1867 జూన్‌లో వేలాదిమంది పని ఆపేసి తెల్లవాళ్లతో సమానమైన జీతం, సొరంగాల్లో తక్కువ గంటలు అడిగారు. కంపెనీ వాళ్లకి తిండి సరఫరా ఆపేసింది. వారం తిరిగేసరికి సమ్మె ముగిసింది. తుపాకీ పేల్చే అవసరం పడలేదు. సరుకు అమ్మకపోవడం బలప్రయోగం కాదు కదా, లోయ సిద్ధాంతం ప్రకారం!

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1963లో రాండ్ జాతి వివక్ష మీద ఒక వ్యాసం రాసింది. జాతివాదం అత్యంత హీనమైనదని గట్టిగానే అన్నది. ప్రభుత్వం వివక్ష చూపకూడదన్నది. కానీ సొంత హోటలు, సొంత దుకాణం పెట్టుకున్నవాడు నల్లవాళ్లని రానివ్వనంటే చట్టం కలగజేసుకోకూడదన్నది. మరి మందేమిటి? ఆర్థిక బహిష్కారం, సాంఘిక వెలి లాంటి ప్రైవేటు మార్గాలు చాలన్నది.

వెలి! ఆమె మందుగా ఇచ్చిన సీసాలోదే మనం తరతరాలుగా తాగిన విషం. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దానికి ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే. రైతు కూలికి పిలవడు, కొట్టువాడు ఉప్పు పప్పు అమ్మడు. విడివిడిగా చూస్తే ఎవడిష్టం వాడిది. కలిపి చూస్తే ఒక వాడకి ఉరి. వివక్ష చూపే వ్యాపారి నష్టపోతాడు, బజారే వాడికి బుద్ధి చెబుతుంది అంటారు లిబర్టేరియన్లు. ఊరంతా ఒక్క మాట మీద ఉన్నప్పుడు నష్టపోయేది సరుకు అమ్మినవాడు, అమ్మనివాడు కాదు. వెలిని మన చట్టం స్పష్టంగా అత్యాచారాల జాబితాలో చేర్చింది కూడా 2015 సవరణతోనే.

గ్రీన్స్‌బరో సంగతి ఎత్తుతారేమో. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్ల విద్యార్థులు అక్కడ ఒక దుకాణంలో తెల్లవాళ్ల కౌంటరు ముందు కూర్చున్నారు. బేరాలు పడిపోయి, జూలైకల్లా యజమాని దిగొచ్చాడు. నిజమే. కానీ పొమ్మన్నా పోకుండా పరాయివాడి ఆస్తిలో కూర్చోవడం లోయ చట్టంలో నేరం. ఆ నలుగురూ ఆస్తి గీత దాటబట్టే గెలిచారు. మహద్‌లో కూడా అంతే. 1927లో అంబేద్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగాక, సవర్ణులు కోర్టుకి వెళ్లి ఏమన్నారు? చెరువు మా ప్రైవేటు ఆస్తి అన్నారు. ఆ వాదన వీగిపోవడానికి 1937 దాకా, బొంబాయి హైకోర్టు దాకా పట్టింది. గాల్ట్ లోయలో ఆ హైకోర్టు కూడా లేదు.

ఊహ పక్కన పెట్టి, ప్రయత్నించినవాళ్లని చూద్దాం. 2004లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో గ్రాఫ్టన్ అనే చిన్న ఊరిని స్వేచ్ఛా నగరం చేస్తామని లిబర్టేరియన్లు తరలివచ్చారు. ఊరి ఖర్చులు కోశారు. రోడ్లు గుంతలు పడ్డాయి. ఎలుగుబంట్లకి మేత వెయ్యడం ఒకరి స్వేచ్ఛ, అవి వచ్చి పడేది పక్కింటి మీద. హోండురాస్‌లో 2013 చట్టం ఆసరాతో రోఆతాన్ దీవిలో ప్రోస్పెరా అనే ప్రైవేటు నగరం మొదలైంది. పక్కనే ఉన్న క్రాఫిష్ రాక్ అనే నల్లవాళ్ల ఊరు తన నేల పోతుందని భయపడింది. 2022లో ఆ చట్టాన్ని రద్దు చేస్తే, కంపెనీ వెయ్యి కోట్ల డాలర్లకి పైగా పరిహారం కోరుతూ అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కి వెళ్లింది. ఏ ఒప్పందం కింద? ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం కింద. ప్రభుత్వం వద్దన్న ఊరికి తన ఆస్తి కాపాడుకోవడానికి ప్రభుత్వాలే కావాల్సివచ్చాయి.

ఇదంతా రాజ్యాన్ని మోయడం కోసం రాయలేదు. చుండూరులో పోలీసులు ఉండగానే హత్యలు జరిగాయి. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. రాజ్యం ఎవరి పక్షమో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ 1947లో రాజ్యాంగసభకి ఇచ్చిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో అంబేద్కర్ అడిగిన ప్రశ్న లోయవాసులెవరూ అడగలేదు. రాజ్యం తప్పుకుంటే మిగిలే స్వేచ్ఛ ఎవరిది? కౌలు పెంచుకునే భూస్వామిది, పని గంటలు పెంచి కూలి తగ్గించే యజమానిది అని ఆయన వాదన. ఆకలితో ఉన్నవాడు బేరమాడలేడు, ఉద్యోగం కోసం తన హక్కుల్నే వదులుకుంటాడు. రాజ్యం పెత్తనంతో పాటు ప్రైవేటు పెత్తనాన్నీ కట్టడి చెయ్యాలని ఆయన అందుకే అన్నాడు.

విద్యార్థులకి మా జవాబు ఇది. ఆ లోయ నడుస్తుంది, బయట ఎడీ విల్లర్స్ ఉన్నంతకాలం, అతన్ని లెక్కలోకి తీసుకోనంతకాలం. పుట్టుక అడగని ఊరు కావాలన్న మీ కోరికని వదులుకోవద్దు. ఆ కోరిక మనది, రాండ్ దగ్గర అప్పు తెచ్చుకున్నది కాదు. నవల మళ్లీ చదవండి. ఈసారి ఎడీ దగ్గర ఆగి చదవండి. ఎవరు ఏ ఆదర్శ నగరం చూపించినా, దాని పాకీ పని ఎవరు చేస్తున్నారో, ఆ నేల నిన్న ఎవరిదో, అమ్మనన్న కొట్టు ముందు నిలబడ్డవాడు ఎక్కడికి పోవాలో అడగండి. ఆ మూడింటికీ జవాబు చెప్పిన ఊళ్లోకి కలిసే వెళ్దాం.